చుక్కను చీల్చే ఆవేశం

పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం మౌలాలి వెళ్లాను. మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి పాపకు నాలుగో రోజు. స్టేషన్లో దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. దూరంగా గుట్ట మీది దర్గా మబ్బులో మసగ్గా కనిపిస్తోంది. నన్ను తీసుకెళ్లడానికి పాప అన్నయ్య, అంటే నాలుగో తరగతి చదివే మా మనవడు, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని వచ్చాడు.

మౌలాలిలో 220 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ ఉంది. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా హైటెన్షన్ తీగలే. ఓ చోట తీగల దగ్గరికి రాగానే వాడు ఆగిపోయాడు. చెవి రిక్కించి, ''తాతయ్యా, పైన ఎవరో బజ్జీలు వేయిస్తున్నారు!'' అన్నాడు.

నిజమే. చుర్రుమని ఒకటే చప్పుడు. ఎండాకాలంలో ఆ తీగలు ఇంత గోల చెయ్యవు. వాన తుంపర పడినప్పుడే ఈ వేపుడు మొదలవుతుంది. మీ ఊళ్లోనూ వినే ఉంటారు. ''కరెంటు కారిపోతోందేమో'' అని భయపడేవాళ్లూ ఉన్నారు. అక్కడ జరుగుతున్నది వేరు. తీగకు వేలాడుతున్న నీటిచుక్కలను కరెంటు పట్టి సాగదీస్తోంది. గుండ్రంగా ఉండాల్సిన చుక్క మొన తేలి శంకువులా మారుతుంది. ఆ మొన దగ్గర గాలి కూడా విద్యుత్తు ధాటికి తట్టుకోలేక చిటపటమంటుంది. చుక్క కొసనుంచి కంటికి కనబడనంత చిన్న తుంపరలు చిమ్ముతాయి. మన సరఫరా సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది గనుక ఈ లాగుడు కూడా సెకనుకు 100 సార్లు జరుగుతుంది.

''ఇంకాస్త దగ్గరికెళ్లి చూద్దామా?'' అన్నాడు వాడు. ''వద్దు నాయనా. ఇది దూరం నుంచి వినాల్సిన కచేరీ'' అని ఇంటికి లాక్కుపోయాను.

అక్కయ్య కోపం

ఇంట్లో అడుగు పెట్టగానే మా అక్కయ్య ఫిర్యాదు. ''చూడరా తమ్ముడూ, పసిగుడ్డు మడమకు సూది గుచ్చారు. ఒక చుక్క కాదు, ఐదు చుక్కలు తీశారు. జ్వరమా, కామెర్లా? ఏమీ లేదు. బంగారంలా ఉన్న పిల్లకు పరీక్షలేమిటి?''

మడమ మీద చిన్న మచ్చ ఉంది. రెండ్రోజులు నిండాక ఆస్పత్రిలో ఆ రక్తాన్ని ఓ మందపాటి కాగితం మీది ఐదు గుండ్రాల్లో అద్ది, ఆరబెట్టి, ల్యాబుకు పంపారట. ఫలితం వారంలో వస్తుందన్నారట.

అక్కయ్య కోపానికి జవాబు చెప్పడానికి నేను మళ్లీ ఆ హైటెన్షన్ తీగ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. ఎందుకంటే, తీగ మీద చుక్కను చీల్చిన ఆ శక్తే ల్యాబులో పాప రక్తాన్ని పరీక్షిస్తుంది. కాకపోతే అక్కడ అదుపు లేదు, ఇక్కడ ఉంది.

చుక్క ఎందుకు గుండ్రంగా ఉంటుంది?

నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పైపొరలో ఉన్నవాటిని లోపలివి లోపలికి లాగుతుంటాయి. దీన్నే బడిలో తలతన్యత అని చదువుకున్నాం. ఆ లాగుడు వల్ల చుక్క వీలైనంత ముడుచుకుని గోళంలా మారుతుంది. కొళాయి కింద వేలాడే చుక్క బరువు ఈ పట్టును మించేదాకా రాలదు. అందుకే కొళాయి చుక్కలన్నీ దాదాపు ఒకే సైజులో, బాగా పెద్దగా ఉంటాయి. ఊరికే వదిలేస్తే నీరు చిన్న చుక్కలుగా మారదు.

ఇప్పుడు ఆ చుక్కకు విద్యుదావేశం ఇచ్చామనుకోండి. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అవన్నీ చుక్క పైపొరకు చేరి బయటికి తోస్తాయి. తలతన్యత లోపలికి లాగుతుంది, ఆవేశం బయటికి నెడుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన మాటకు, కుర్రాళ్ల ఆవేశానికి మధ్య జరిగే లాగులాట లాంటిదే ఇది. కొంతవరకు సర్దుకుంటుంది. హద్దు దాటితే వేరుకాపురాలే!

ఆ హద్దు ఎంతో 1882లో ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్క కట్టాడు. ఒక మైక్రాన్ వ్యాసార్థం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న నీటి బిందువు సుమారు లక్షా పాతిక వేల ఎలక్ట్రాన్ల పాటి ఆవేశాన్ని మోయగలదు. అంతకు మించితే పగులుతుంది. లెక్కలో ఇంకో తమాషా ఉంది. చుక్క ఎండి వ్యాసార్థం సగమైతే, అది మోయగలిగే ఆవేశం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. నీరు ఆవిరైపోతుంది గాని ఆవేశం అంత తేలిగ్గా వదిలిపోదు. అందుకే ఎండుతున్న చుక్క ఉన్నట్టుండి తన రెండు కొసల నుంచి సన్నని ధారలు చిమ్ముతుంది. తన బరువులో కొద్దిపాటే పోతుంది, ఆవేశంలో మాత్రం పెద్ద వాటా పోతుంది. ఆ పిల్లచుక్కలు మళ్లీ ఎండుతాయి, మళ్లీ చీలుతాయి. రేలీ కాగితం మీద కట్టిన ఈ లెక్కకు స్పష్టమైన ఫొటోలు తీసింది 2003లో, జర్మనీ శాస్త్రవేత్తలు. గాలిలో తేలుతున్న ఒకే ఒక్క చుక్కను వాళ్లు కెమెరాలో పట్టారు. అంటే 121 ఏళ్ల తర్వాతన్నమాట.

నాలుగొందల ఏళ్ల ముచ్చట

ఈ వింతను చూసినవాళ్లు పాతకాలంలోనూ ఉన్నారు. 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లిష్ వైద్యుడు రుద్దిన ఆంబరు ముక్కను నీటిచుక్క దగ్గరికి తెచ్చి, చుక్క శంకువులా పైకి లేవడం చూశాడు. మన మనవళ్లు దువ్వెనతో చేసే ఆటే అది. అమెరికాలో జాన్ జెలెనీ 1910ల్లో గాజు గొట్టం చివర ద్రవాన్ని వేలాడదీసి, వేల వోల్టులిచ్చి, కొస ఎలా చిమ్ముతుందో పరిశీలించాడు. 1964లో కేంబ్రిడ్జ్‌కు చెందిన జి.ఐ. టేలర్ ఆ శంకువుకు లెక్క చెప్పాడు. మధ్య గీత నుంచి అంచు వరకు కోణం 49.3 డిగ్రీలు ఉన్నప్పుడు తలతన్యత, విద్యుత్తు సరిసమానంగా తూగుతాయి. ఆ ఆకారానికి ఇప్పుడు టేలర్ శంకువు అని పేరు.

ఈ సంగతి తెలిశాక చుక్కలు చేయడం యాదృచ్ఛికం కాకుండా పోయింది. ద్రవం ఎంత వేగంగా వదలాలి, ఎన్ని వోల్టులివ్వాలి, సూది ఎంత దూరంలో ఉండాలి అన్నవి సరిచూసుకుంటే చుక్క సైజు మన చెప్పుచేతల్లో ఉంటుంది. సూది రంధ్రం కన్నా ఎన్నో రెట్లు చిన్న చుక్కలు వస్తాయి. మామూలుగా అయితే చిన్న చుక్క కావాలంటే రంధ్రాన్ని అంత చిన్నది చేయాలి. అది ఊరికే పూడుకుపోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు.

నీళ్ల బాటిల్ మీది తేదీ

నేను ఇంతవరకు చెప్పేసరికి మనవడు మంచినీళ్ల బాటిల్ పట్టుకొచ్చాడు. ''ఇదుగో, చుక్కలు!'' అన్నాడు. బాటిల్ మీద తయారీ తేదీ చుక్కలు చుక్కలుగా ముద్రించి ఉంది. వాడు తెలియక తెచ్చినా సరైనదే తెచ్చాడు.

ఫ్యాక్టరీలో బాటిల్ పరుగెత్తుతుంటుంది. దాన్ని ఏ ముద్రా తాకదు. ఓ సన్నని రంధ్రంలోంచి సిరా ధారగా వస్తుంది. ఆ రంధ్రాన్ని సెకనుకు వేల సార్లు కంపింపజేస్తే, ధార తెగి ఒకే సైజు చుక్కల వరసగా మారుతుంది. సరిగ్గా తెగే క్షణంలో ఒక్కో చుక్కకు ఒక్కో మోతాదు ఆవేశం అంటిస్తారు. ఆ వెంటనే అది రెండు విద్యుత్ పలకల మధ్య నుంచి పోతుంది. ఎక్కువ ఆవేశం ఉన్న చుక్క ఎక్కువ వంగుతుంది, తక్కువది తక్కువ వంగుతుంది. అలా ఒక్కోటి ఒక్కో ఎత్తున బాటిల్‌కు తగులుతుంది. బాటిల్ ముందుకు కదులుతుంటుంది గనుక అంకెలు ఏర్పడతాయి. ఆవేశం ఇవ్వని చుక్కలు తిన్నగా పోయి ఓ గొట్టంలో పడి మళ్లీ సిరా డబ్బాకు చేరతాయి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్వీట్ ఈ పద్ధతిని రూపొందించాడు.

అక్కడ ఆవేశం చుక్క సైజును నిర్ణయించింది. ఇక్కడ అదే ఆవేశం చుక్క దారిని నిర్ణయిస్తోంది. పొలంలో మందు కొట్టే కొన్ని స్ప్రేయర్లు రెండు సుగుణాలనూ వాడుకుంటాయి. ఆవేశమున్న తుంపరలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి గనుక కలిసి పెద్ద చుక్కలైపోవు. మొక్క వాటిని తన వైపు లాక్కుంటుంది గనుక ఆకు అడుగుభాగానికి కూడా అంటుకుంటాయి. మన దేశంలో చండీగఢ్‌లోని సీఎస్ఐఓ శాస్త్రవేత్తలు 2020లో కరోనా రోజుల్లో గదులు, సామాన్లు శుద్ధి చేసే యంత్రాన్ని ఈ సూత్రం మీదే తయారుచేశారు.

ఏనుగుకు రెక్కలు

ఇక అక్కయ్య ప్రశ్నకు వద్దాం. అణువును తూచాలంటే ముందు దాన్ని ఒంటరిగా గాలిలోకి లేపాలి, ఆపైన దానికి ఆవేశం ఉండాలి. అప్పుడే విద్యుత్తుతో దాన్ని పరుగెత్తించి, ఎంత బరువుందో తేల్చగలం. ఆ పరికరం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. చిక్కెక్కడంటే, రక్తంలోని ప్రొటీన్లు, చక్కెరల వంటివి వేడి చేస్తే ఆవిరి కావు, మాడిపోతాయి. పాలను పొయ్యి మీద మరిగిస్తే నీరు పోతుంది, మిగిలింది అడుగంటుతుంది. అలాగే.

1960ల్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త మాల్కమ్ డోల్ ఓ రంగుల కంపెనీకి సలహాదారుగా ఉన్నప్పుడు, కార్లకు విద్యుదావేశమున్న రంగు తుంపర చల్లడం చూశాడు. ''చుక్క చీలి చీలి, ఎండి ఎండి, చివరికి ఒక్క అణువే మిగిలితే?'' అన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. 1968లో ప్రయోగాలు ప్రచురించాడు గాని అది పూర్తిగా ఫలించలేదు.

ఆ దారిని పట్టుకున్నవాడు యేల్ విశ్వవిద్యాలయంలోని జాన్ ఫెన్. ఆయన అసలు చదివింది రసాయన శాస్త్రం, ఎక్కువ కాలం పనిచేసింది వాయువుల ప్రవాహాల మీద. 1984లో తన సహచరుడు యమాషితాతో కలిసి పద్ధతి ప్రకటించేనాటికి ఆయనకు 67 ఏళ్లు. 1987లో 70 నిండగానే రిటైర్మెంటు నిబంధన అడ్డొచ్చింది. ప్రయోగశాల స్థలం తగ్గిపోయింది. ఆయన మాత్రం మానలేదు. 1988లో భారీ ప్రొటీన్ అణువులను చెక్కుచెదరకుండా గాలిలోకి లేపి చూపించాడు. 2002లో, 85 ఏళ్ల వయసులో, కోయిచి తనాకా, కుర్ట్ వూత్రిక్‌లతో పాటు రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. నోబెల్ ఉపన్యాసానికి ఆయన పెట్టిన పేరులో, అణువుల లోకపు ఏనుగులకు రెక్కలు తొడిగామన్న చమత్కారం ఉంది. ''ఈ వయసులో ఇంకేం చేస్తాం'' అనే మా వయసువాళ్లంతా ఆయన్ను తలచుకోవాలి.

పద్ధతి చూడండి, ఎంత తేలికో. వెంట్రుకంత రంధ్రమున్న సూదికి మూడు నుంచి ఐదు వేల వోల్టులిస్తారు. మౌలాలి స్టేషన్లో రైలింజను మీది తీగలో ఉండేవి 25,000 వోల్టులు. అందులో ఐదో వంతుకు మించి అక్కర్లేదన్నమాట. సూది కొసన టేలర్ శంకువు ఏర్పడుతుంది. దాని మొన నుంచి మైక్రాన్ సైజు చుక్కలు పుట్టుకొస్తాయి. వేడి నైట్రోజన్ వాయువు వాటిని ఎండబెడుతుంది. రేలీ చెప్పిన హద్దు దాటి చుక్కలు చీలతాయి. చివరికి నీరంతా పోయి, ఆవేశాన్ని అంటించుకున్న అణువు ఒక్కటే మిగులుతుంది. హైటెన్షన్ తీగ మీద చిటపటలాడిన చుక్కే ఇక్కడ బుద్ధిగా త్రాసెక్కింది.

ఇవి ఎక్కడో అమెరికా ముచ్చట్లు అనుకోకండి. మౌలాలి నుంచి లాలాపేట మీదుగా తార్నాక వస్తే ఐఐసీటీ కనిపిస్తుంది. 1944లో పునాది పడిన ఆ సంస్థలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి జాతీయ కేంద్రంగా పేరుపొందిన విభాగం ఉంది. హైదరాబాద్ మందుల పరిశ్రమలో మాత్రలో ఉండకూడనిది ఏదైనా చేరిందా అని వెతికే ల్యాబుల్లోనూ ఇలాంటి పరికరాలే పనిచేస్తున్నాయి.

ఐదు చుక్కల్లో ఏముంది?

పాప రక్తం అద్దిన కాగితం నుంచి మూడు మిల్లీమీటర్ల బిళ్లను కత్తిరిస్తారు. దాన్ని ద్రావకంలో నానబెట్టి, ఆ సారాన్ని సూదిలోంచి పంపుతారు. యంత్రానికి రెండు మూడు నిమిషాలు చాలు. అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలకు సంబంధించిన పదార్థాలు ఏవి ఎంత ఉన్నాయో ఒక్కసారే చెబుతుంది. వాటిని బట్టి పదుల సంఖ్యలో జబ్బులను అనుమానించవచ్చు.

ఈ జబ్బులున్న బిడ్డ పుట్టినప్పుడు బంగారంలాగే ఉంటుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి శరీరం శుద్ధి చేసి పెడుతుంది. పుట్టి పాలు తాగడం మొదలయ్యాకే అసలు సమస్య. ఉదాహరణకు ఒక జబ్బులో పాలలోని ల్యూసిన్ వంటి అమైనో ఆమ్లాలను శరీరం వాడుకోలేదు. అవి రక్తంలో పేరుకుపోతాయి. మూత్రం కాలిన చక్కెర వాసన వస్తుంది. బిడ్డ పాలు మానేస్తుంది, మగతగా పడి ఉంటుంది. కొద్దిరోజుల్లోనే మెదడు దెబ్బతింటుంది. ముందే తెలిస్తే ప్రత్యేక ఆహారంతో కాపాడుకునే వీలుంది. ఇవి చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వచ్చినప్పుడు కలిగేవి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది.

మనకు ఇవి అరుదులే అనుకుంటాం. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. ప్రతి వెయ్యిమందిలో ఒకరికి చికిత్సకు లొంగే పుట్టుకతో వచ్చిన జీవక్రియ లోపం ఉన్నట్టు తేలింది. అందులో ముఖ్యమైనది థైరాయిడ్ లోపం, 1,700 మందిలో ఒకరికి. థైరాయిడ్ పరీక్ష పద్ధతి వేరు. అయితే దానికీ అదే కాగితం, అదే మడమ చుక్క.

రెండు హెచ్చరికలు. ఈ పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మళ్లీ పరీక్షించి నిర్ధారించాలి. అన్నీ బాగున్నాయని వస్తే ఏ జబ్బూ రాదనీ కాదు. ఇక మన దగ్గర అన్ని ఆస్పత్రుల్లోనూ ఇది ఇంకా అలవాటు కాలేదు. కాబట్టి కాన్పుకు ముందే డాక్టరును అడిగి ఉంచుకోవడం మంచిది. మేనరికం అయినా, ఇంట్లో ఇంతకుముందు కారణం తెలియకుండా పసిబిడ్డ పోయినా ఆ మాట దాచకుండా చెప్పాలి.

నేను ఈ చివరి వాక్యం అన్నప్పుడు అక్కయ్య ఏమీ మాట్లాడలేదు. అక్కయ్యది మేనరికం. మా బావ మా మేనత్త కొడుకే. వాళ్ల తొలిచూలు మగబిడ్డ. తొమ్మిదో రోజున పోయాడు. నాలుగు రోజులు శుభ్రంగా పాలు తాగి, ఐదో రోజు నుంచి మూసిన కన్ను తెరవలేదు. గాలి సోకిందన్నారు. బాలింత ఏదో పడని తిండి తిన్నదన్నారు. ఆ నింద ఆమె యాభై ఏళ్లుగా మోస్తోంది. అది ఏ జబ్బో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఒక్క చుక్క కూడా మిగల్లేదు కదా.

కాసేపయ్యాక, ''అప్పుడివి ఉంటే తెలిసేదేమో కదరా?'' అంది.

''తెలిసేదేమో అక్కా. నీ తిండి వల్ల కాదని మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు'' అన్నాను.

వారం తర్వాత ఫోన్ మోగింది. మేనకోడలు చేస్తుందనుకున్నాను. అక్కయ్య! ''ఒరే, కాగితం వచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయట'' అంది. వెనక నుంచి మనవడి గొంతు, ''తాతయ్యా, కొళాయి నీళ్లు వంగట్లేదు!''

వాడికి నేనో పని అప్పజెప్పి వచ్చాను. మీ ఇంట్లో పిల్లలచేత కూడా చేయించండి. కొళాయిని సన్నని ధారగా తిప్పి, పొడి జుట్టులో పదిసార్లు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను దాని పక్కకు తెస్తే, ధార దువ్వెన వైపు వంగుతుంది. కాకపోతే వానాకాలపు తేమ గాలిలో దువ్వెన మీది ఆవేశం నిలవదు. అందుకే వాడికి వంగలేదు. సంక్రాంతి నాటికి మళ్లీ ప్రయత్నించమన్నాను. అప్పటికి పాప కూడా కూర్చోబెడితే కూర్చుని చూస్తుంది.